నేను సంతకం పెట్టని నో డ్యూస్ కాగితం

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు. అప్పుడు నేను నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో మార్కర్‌గా పనిచేస్తున్నాను. మార్కర్ అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. కాలేజీలో ఆటల గ్రౌండును చూసుకునేవాడు. సున్నంతో గీతలు గీస్తాడు, నెట్లు కడతాడు, బంతులూ కర్రలూ ఇచ్చి మళ్లీ జాగ్రత్తగా తీసుకుంటాడు. టీము గెలిచినప్పుడు ఫొటోలో ఉండడు. గ్రౌండులో రాయి ఎగిరి ఎవరికైనా పన్ను ఊడితే మాత్రం అందరికీ వాడే గుర్తొస్తాడు.

మాది కంకర మట్టి పరిచిన మొరం గ్రౌండు. హాకీకి గీతలు గీయడం అన్నిటికన్నా కష్టం. గోలు ముందు సగం పళ్లెంలా వంగిన గీతను డీ అంటారు. దాని లోపలి నుంచి కొడితేనే గోలు. ఒక్కో గోలు స్తంభం దగ్గర మేకు దిగ్గొట్టి, పదహారు గజాల తాడు కట్టి, తాడు సడలకుండా నడుస్తూ సున్నం పోయాలి. ఆ డీ గీయడం వచ్చిన పదహారేళ్లకు గానీ నాకు ‘అ’ రాయడం రాలేదు. స్టాకు రిజిస్టర్‌లో వేలిముద్ర వేయడానికి సిగ్గేసి, నలభై ఏళ్ల వయసులో కాలేజీ పిల్లల దగ్గరే నేర్చుకున్నాను. అదీ తెలుగు వరకే. ఇంగ్లిషు అక్షరాలు విడివిడిగా గుర్తుపడతాను గానీ, కలిపి రాస్తే నాకు కొత్త మనుషులే.

ఇక నో డ్యూస్ సంగతి. కాలేజీ వదిలి పోయేవాళ్లకు టీసీ, అంటే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్, ఇవ్వాలంటే ముందు ఒక కాగితం మీద అందరి సంతకాలూ కావాలి. పుస్తకాలు అందాయని లైబ్రరీ వాళ్లు పెడతారు. గాజు సామాను పగలలేదని ల్యాబు వాళ్లు పెడతారు. కర్ర, కాళ్లకు కట్టుకునే గార్డులు వాపసు వచ్చాయని నేను పెడతాను. చివరి గడి నాది.

ఆ గడిలో నేను పెట్టిన ఒక సంతకం గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సయించదు. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు, మంచి ఫార్వర్డ్, ఎవరో టీములోకి పిలిచారని మొదటి ఏడాదిలోనే చదువు వదిలేశాడు. నేను భుజం తట్టి మరీ సంతకం చేశాను. వాణ్ని ఒక్క సీజన్ ఆడించారు. తర్వాత ఫోను ఎత్తలేదు. రెండేళ్లకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ముందు బస్తాలు మోస్తూ కనిపించాడు. “కాకా, గ్రౌండ్ ఎట్లున్నది?” అని అడిగాడు. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అందుకే రిజ్వానా కాగితం పట్టుకుని వచ్చినప్పుడు నాకు ఒళ్లు మండింది.

రిజ్వానాది చిట్యాల. హైవే పక్కన వాళ్ల నాయిన జానీ మియాకు పంక్చర్ దుకాణం. రోజూ బస్సులో వచ్చి పోయేది. బీకాం రెండో ఏడు. సెంటర్ హాఫ్ ఆడేది. వెనక వచ్చిన బంతిని ఆపి ముందుకు అందించే చోటు అది, టీముకు నడుము లాంటిది. యూనివర్సిటీ పోటీల్లో ఆమె ఆట చూసి, ఉత్తరాదిన ఒక కంపెనీ నడిపే టీము నుంచి ఒక మనిషి వచ్చాడు. రెండేళ్ల కాంట్రాక్టు, హాస్టలు, నెల జీతం అన్నాడు. సోమవారంలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ, టీసీతో సహా, తన చేతిలో పెట్టాలన్నాడు. టీసీ ఎందుకయ్యా అంటే, మా దగ్గర పద్ధతి అదే అన్నాడు. ఆ పద్ధతి ఏమిటో నాకు తెలుసు. పిల్లలకు వెనక్కి వచ్చే చోటు లేకుండా చేయడం.

మా ఫిజికల్ డైరెక్టర్‌ను పిల్లలు పీడీ సార్ అంటారు. ఆయనకు ఆ రోజు నుంచి కాళ్లు నేల మీద ఆనలేదు. సన్మానానికి ఫ్లెక్సీ కొట్టించాడు. అందులో పిల్ల ఫొటో కన్నా ఆయన ఫొటో పెద్దది.

శుక్రవారం మధ్యాహ్నం నేను సున్నం జల్లెడ పడుతుంటే రిజ్వానా వచ్చింది.

“కాకా, జర సంతకం పెట్టవా? నీదొక్కటే మిగిలింది.”

“ఎందుకు పోతున్నవని రాసున్నదో చదువు.”

“డిస్కంటిన్యూడ్.”

“అంటే?”

“చదువు బంద్ పెడ్తున్నట్టు.”

“బంద్ పెడ్తున్నవా?”

“లే కాకా. ఎట్లన్న చేసి పరీక్షలు రాస్త. పీడీ సారు గట్లనే రాయాలె అన్నడు, రాసిన.”

“నేను పెట్ట.”

“స్టిక్కు ఇచ్చిన, గార్డులు ఇచ్చిన. ఇంకేం ఇయ్యాలె నీకు?”

“నాకేం ఇయ్యకు. పెట్టనంటే పెట్ట. పో.”

“అందరు పెట్టిన్రు. ఇంగ్లిష్ మేడం గూడ పెట్టింది. నీకేమాయె?”

“మేడంకేంది, నువ్వు పోతే దిద్దనీకె ఒక పేపర్ తగ్గుతది. నాకు గట్ల లేదు.”

ఆమె నవ్వలేదు. కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను గెలిచినట్టు మళ్లీ జల్లెడ పట్టుకున్నాను.

మర్నాడు జానీ మియా దుకాణం మూసి వచ్చాడు. స్పోర్ట్స్ రూము గడపలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

“యాదన్నా, నా మీద ఏమన్న పగ ఉన్నదా?”

“నాకేం పగ జానీ భాయ్?”

“మరెందుకు సంతకం పెడ్తలేవు? నా చేతులు చూడు, టైర్లు ఇప్పి ఇప్పి ఎట్లయినయో. నా బిడ్డకు ఆట మీద నౌకరి వస్తాంది. సోమారం దాటితే గా జాగాల ఇంకో పిల్లను తీసుకుంటరట.”

“తీసుకోనియ్. టీసీ లేంది తీసుకోని టీము మనకెందుకు?”

“నువ్వు మార్కర్‌వన్నా. ప్రిన్సిపాల్‌వైతే గాదు గద.”

ఆ మాటకు నాకు రోషం వచ్చింది. నోటికొచ్చింది అన్నాను. “మొన్న పాలమూరు పిల్లగాడు గిట్లనే పోయిండు. ఇయ్యాల బస్తాలు మోస్తుండు. రేపు నీ బిడ్డ గూడ గంతే” అన్నాను. పక్కన బాస్కెట్‌బాల్ పిల్లలు బంతి ఆపి చూశారు.

 జానీ మియా, “నీ నోరు మంచిది గాదు యాదన్నా. మా పిల్ల నిన్ను కాకా అని పిలుస్తది” అని వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున్నే పీడీ సారు వచ్చాడు, చేతిలో ఆ కాగితం.

“ఏం యాదయ్యా, నాలుగక్షరాలు నేర్వంగనే ఆఫీసర్‌వైనవా?”

“సార్, టీసీ ఇస్తే మళ్ల ఆ పిల్లకు సీటు ఉండదు. మీకు తెల్వదా?”

“నువ్వు సున్నం చూస్కో. చదువుల సంగతి నేను చూస్త.”

నా గడిలో ఆయనే సంతకం పెట్టాడు. మార్కర్ సంతకం పేరుకేనట. అరగంటలో టీసీ వచ్చింది. మధ్యాహ్నం సన్మానం, శాలువా, పూలదండ. కుర్చీలు నన్నే వేయమన్నారు. వేశాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

రిజ్వానా ఒకటిన్నర సీజన్ ఆడింది. బాగానే ఆడిందని విన్నాను. అప్పుడు మోకాలు పోయింది.

అది ఎలా పోయిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా మొరం మీద పరుగులో గిరుక్కున తిరిగితే పాదం జానెడు జారుతుంది. ఆ జారుడును లెక్కలో పెట్టుకునే మా పిల్లలు తిరగడం నేర్చుకుంటారు. టర్ఫ్ అలా కాదు. ప్లాస్టిక్ గడ్డి పరిచి నీళ్లు చల్లిన గ్రౌండు అది, బూటును పట్టేసుకుంటుంది. పైన మనిషి తిరిగింది, కింద పాదం తిరగలేదు. మధ్యలో ఉన్నది మోకాలు, దాని లిగమెంటు తెగింది. మొరం మీద పెరిగిన పిల్లను తీసుకుపోయినప్పుడు ముందు నాలుగు నెలలు తిరగడమే మళ్లీ నేర్పాలి. అంత పెద్ద టీము కోచ్‌లకు ఈ మాత్రం తెలియదా? తెలుసు. కానీ నాలుగు నెలలు ఆగే ఓపిక లేదు. ఈమె కాకపోతే ఇంకో ఊరి పిల్ల దొరుకుతుంది వాళ్లకు.

నెల రోజులు హాస్టల్లో ఉంచి, దెబ్బ తగిలితే ఒప్పందం రద్దని కాంట్రాక్టులో రాసే ఉంది చూసుకోమని ఇంటికి పంపారు. సర్టిఫికెట్లు తిరిగి రావడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. అవి చేతికి వచ్చాక తండ్రీ కూతుళ్లు కాలేజీకి వచ్చారు. ఆఫీసులో క్లర్కు కాగితాలు తిరగేసి, చదువు మానేసినట్టు రాసి టీసీ తీసుకున్నారు కాబట్టి సీటు పోయిందన్నాడు. సిలబస్ కూడా మారిందట. పాసైన పరీక్షలు ఎందుకూ పనికిరావట. కావాలంటే మళ్లీ మొదటి ఏడు నుంచి చేరాలట. అంతకుముందు వేసవికే ఆ పిల్ల డిగ్రీ అయిపోయి ఉండాల్సింది. పీడీ సారు ఆ రోజు సెలవులో ఉన్నాడు.

జానీ మియా నా వైపు రాలేదు, గేటు దగ్గరే ఉండిపోయాడు. రిజ్వానా ఒక్కతే కుంటుకుంటూ స్పోర్ట్స్ రూముకు వచ్చింది. నేను కుర్చీ తుడిచి వేశాను. కూర్చోలేదు. నిజం చెప్పాలంటే, నా లోపల ఎక్కడో, నేనన్నదే నిజమైంది కదా అన్న గర్వం ఉంది. అది నోట్లోంచి వచ్చేసింది.

“నేను గప్పుడే చెప్పిన గద బిడ్డా.”

“ఏం చెప్పినవ్ కాకా?”

“సంతకం పెట్టనని.”

“పెట్టనన్నవ్. టీసీ తీసుకోకుంట గూడ పోవచ్చని చెప్పినవా?”

నేను తుడిచిన కుర్చీనే మళ్లీ తుడిచాను.

“ఓడీ లెటర్ పెట్టుకుంటే హాజరు మాఫీ చేస్తరట. పరీక్షలప్పుడు వచ్చి రాసి పోవచ్చట. ఇయ్యాల క్లర్కు చెప్పిండు. గా లెటర్లు ఆఫీసుకు ఎవరు తీస్కపోతరు కాకా?”

“నేనే.”

ఓడీ అంటే ఆన్ డ్యూటీ. పిల్లలు పోటీలకు పోయినప్పుడు, వీళ్లు ఆట మీద పోయారు, గైర్హాజరు కింద రాయొద్దు అని ఇచ్చే ఉత్తరం. ప్రతి ఏడూ పీడీ సారు రాసేవాడు, నేను మోసుకుపోయి ఆఫీసులో ఇచ్చేవాణ్ని. నెలల తరబడి క్యాంపుల్లో ఉండి, పరీక్షలకు మాత్రం వచ్చి రాసి పాసైన పిల్లలు నాకు పేరుపేరునా తెలుసు.

“టీమోళ్లు ఒప్పుకోకపోతురేమో” అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

“ఒప్పుకోకుంటే గప్పుడు పోవాల్నా వద్దా అని నేను సోంచాయిస్తుంటి. నా ముంగట రెండు తొవ్వలుంటుండె. మా నాయినతోని కొట్లాడినవ్. సారుతోని కొట్లాడినవ్. నాతోని రెండు నిమిషాలు కూసోని మాట్లాడినవా? పెట్ట, పో అన్నవ్. గంతే.”

అంత మాట అని కూడా ఆ పిల్ల, “పోయొస్త కాకా” అనే వెళ్లింది.

టీము వాళ్ల మీద నాకు కోపం ఉంది. ఆట తీసుకుని మనిషిని పారేసేవాళ్లను తిట్టడానికి నాకు తెలిసిన తిట్లు చాలవు. పీడీ సారు మీద ఇంకా ఎక్కువ ఉంది. ఓడీ లెటర్లన్నీ తన చేత్తో రాసినవాడు, ఒక్కటి ఈ పిల్లకు రాయడానికి మనసు రాలేదు. లెటరు రాస్తే టీము వాళ్లు వెనక్కి తగ్గుతారేమో, ఫ్లెక్సీ వృథా అవుతుందేమో అని భయం. కానీ వాళ్లిద్దరూ మంచి చేస్తామని నటించినవాళ్లే. నేను నిజంగా మంచి చేయాలనుకుని చెడగొట్టాను. ఎందుకంటే సంతకం రానివాడికి సంతకం వస్తే అది రాజముద్రలా కనిపిస్తుంది. పెట్టకపోవడమే నా బలం అనుకున్నాను. నాకు తెలిసిన సంగతి ఆ పిల్లకు చెప్పడం అనే చిన్న పని నా తలకు తట్టలేదు. చదువుకున్నవాళ్లు ఎవరో చెప్పే ఉంటారనుకున్నాను. ఎవరూ చెప్పలేదు.

రిజ్వానా ఇప్పుడు మోత్కూర్ వైపు ఒక బడిలో పిల్లలకు హాకీ నేర్పుతోంది. దూరవిద్యలో డిగ్రీ మొదటి ఏడు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. జానీ మియా నాతో ఇప్పటికీ మాట్లాడడు. ఆయన తప్పేమీ లేదు.

రిజ్వానా కాలేజీకి వచ్చి పోయిన వారమే నేను ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి స్పోర్ట్స్ రూము తలుపుకు అంటించాను: “టీము పిలిస్తే టీసీ తీసుకోవాల్సిన పని లేదు. ఓడీ లెటర్ అడగండి. పరీక్షలు రాయండి. తెలియకపోతే మార్కర్‌ను అడగండి.” పర్మిషన్ లేదని పీడీ సారు చింపేశాడు. మళ్లీ రాశాను. మళ్లీ చింపాడు. అట్టలకు కొదవా? రిటైరయ్యేదాకా రాస్తూనే ఉన్నాను.

రిటైరయ్యే ఏడు దేవరకొండ వైపు పిల్ల ఒకతి, మంచి డిఫెండర్, నో డ్యూస్ కాగితంతో వచ్చింది. ఈసారి కూర్చోబెట్టాను. ఓడీ సంగతి చెప్పాను. టర్ఫ్ మీద మోకాలు సంగతి చెప్పాను. పాలమూరు పిల్లవాడి సంగతి, రిజ్వానా సంగతి, నా సంగతి కూడా చెప్పాను. ఆ టీము వాళ్లకు నా ముందే ఫోను చేయించాను. టీసీ లేకపోతే తీసుకునేది లేదని వాళ్లు తేల్చి చెప్పారు. ఆ పిల్ల గ్రౌండు వైపు చూసింది.

“సమజైంది కాకా. అయినా పోత.”

“మంచిగ సోంచాయించినవా?”

“సోంచాయించిన. రేపు ఏదన్నయితే నాకు తెల్వదని అన. తెలిసే పోతున్న.”

 కాగితం చింపి అవతల పారేయాలనిపించింది. కానీ పోయేది ఆమె, ఆడేది ఆమె, రేపు మోకాలు తెగితే కుంటేది కూడా ఆమె. కలం తీసుకుని, చివరి గడిలో, నాకు వచ్చిన నాలుగక్షరాల్లో నా పేరు రాసి ఇచ్చాను.