చెప్పి ముట్టడం

నిజామాబాద్ ఆసుపత్రిలో చేర్చిన రోజే మా అక్క ఒక నర్సింగ్ విద్యార్థినిని అదిలించింది. మోస్రా అనే ఊరి నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్ల. నాడి చూడటానికి ఏమీ చెప్పకుండా చెయ్యి పట్టుకుంది.

"సెప్పి ముట్టు పిల్లా. నేనేమన్న చెరుకు గడనా, వచ్చినోళ్లంత పట్టి సూడనీకి?"

ఆ తర్వాత ఆ పిల్ల థర్మామీటరు పెట్టినా చెప్పే పెట్టేది. అక్కకు అదొక ఆట అయింది.

అక్క కన్నుమూసిన పొద్దున, మంచం చుట్టూ తెర లాగాక, ఆ పిల్లే మా దగ్గరికి వచ్చింది. వెనక వార్డు పెద్ద నర్సు, సిస్టర్, ఉంది.

"సార్, అవ్వ పైపులు నేను తీయొచ్చునా? సిస్టర్ చూస్తుంటరు."

అక్క కొడుకు తల ఎత్తాడు. బోధన్ దగ్గర చెరుకు పండిస్తాడు. తల్లిని అవ్వ అనే పిలుస్తాడు.

"నేర్సుకోనీకి మా అవ్వనే దొరికిందా?"

సిస్టర్ నెమ్మదిగా చెప్పింది. చనిపోయినవాళ్లకు చేసే సేవ కూడా శిక్షణలో భాగమే. దాన్ని విద్యార్థిని తన చేత్తో, సిస్టర్ కళ్లముందు చేస్తేనే శిక్షణ పూర్తయినట్టు. లేకపోతే పరీక్షకు పంపరు, నర్సుగా పేరు నమోదు కాదు. ఈ పిల్ల అడిగిన చోటల్లా ఇంటివాళ్లు వద్దన్నారు. పరీక్ష దగ్గరపడింది.

చావు గురించి నేను చాలా చదివాను. ఈ పని గురించి ఎక్కడా చదవలేదు.

"ఏమేం చేస్తవమ్మా?" అని అడిగాను.

"పైపులు తీస్త. మొకం, చేతులు తుడుస్త. కండ్లు మూస్త. నోరు తెరుసుకోకుంట గదుమ కింద గుడ్డ కడత. స్నానం ఇంటికాడ మీరే చేపిస్తరు గద సార్, దాని జోలికి మేం పోం."

స్నానం మాట విన్నాక మేనల్లుడు మెత్తబడ్డాడు. "నీ ఇష్టం మామా," అన్నాడు. నేను సరేనన్నాను.

ఆ పిల్ల గ్లవ్స్ తొడుక్కుంది. మాట్లాడకుండా, ముక్కు మీద పైపును అంటించిన పట్టీ అంచు పట్టుకుంది.

"ఆగు," అన్నాడు మేనల్లుడు.

ఆమె చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. సిస్టర్ వైపు చూసింది.

"సెప్పకుంట ముట్టుకుంటున్నవేంది? మా అవ్వ ఊకుంటదా?"

 ఆ పిల్ల అక్క మీదికి వంగింది.

"అవ్వా, పట్టీ తీస్తున్న." మేనల్లుడి వైపు చూసి పట్టీ తీసింది. "అవ్వా, పైపు తీస్తున్న." ఈసారి ఎవరి వైపూ చూడలేదు. తుడిచేటప్పుడు, కళ్లు మూసేటప్పుడు, అన్నీ చెప్పింది. గుడ్డ ముడి చెంపమీద గుర్తు పడకుండా పక్కకు జరపమని సిస్టర్ సరిచేసింది. దాన్ని కూడా అక్కకు చెప్పే జరిపింది.

పని చూసి సిస్టర్ ఆ పిల్ల శిక్షణ పుస్తకంలో సంతకం చేసింది. చనిపోయినవాళ్లకు చెప్పాలని మీ పాఠంలో ఉందా అని ఆమెను అడిగాను.

"గౌరవంగ చెయ్యాలని ఉన్నది సార్. చెప్పాలని లేదు. ఈ పిల్ల చెప్పింది, మంచిగనే ఉన్నది."

బోధన్‌లో, ఇంటి వాకిట్లో నీళ్లు కాగాయి. అక్క కోడలు చెంబు ముంచింది. మేనల్లుడు ఆమె చెయ్యి ఆపి, తల్లి చెవి దగ్గరికి వంగాడు.

"అవ్వా, నీళ్లు పోస్తున్నం."