మా అత్త మగ్గం, నా మోరీ తలుపు

అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మా ఇంట్లో ఇద్దరం ఇరవై రెండేళ్లుగా ఒకే గదిలో ఉన్నాం కాబట్టి ఆ మంచిపేరు ఎవరికీ దక్కలేదు.

మా అత్త పేరు చంద్రభాగ. సోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక మా గల్లీకొచ్చి ఆ పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. అతుకుల చంద్రవ్వ అనండి, ఆటోవాళ్లు కూడా గుమ్మం ముందు దింపుతారు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తుంటే చివరి జానెడు నేయకుండా అచ్చులోనే వదిలేస్తారు. అచ్చంటే పోగు పోగునూ విడదీసి పట్టుకునే సన్న పళ్ల చట్రం. ఆ పాత కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ మెలిపెట్టి అతికితే, కొత్త నూలు పాతదాని వెంబడి అచ్చులోకి వచ్చేస్తుంది. మా అత్త వేళ్లకు బూడిద రాసుకుని పొద్దున కూర్చుంటే, సాయంత్రానికి రెండు వేల పోగులు అతికి లేచేది.

పవర్లూములు వచ్చాక గల్లీలో చేతిమగ్గాలన్నీ పొయ్యిలోకి పోయాయి. మా మామ పెంటయ్య నేసిన గుంట మగ్గం ఒక్కటే మిగిలింది. నేలలో గొయ్యి, అందులోకి కాళ్లు వేలాడేసి తొక్కుతూ నేయాలి. అప్పటికి మామ పోయి ఆరేళ్లయింది. ఆయన వదిలిన జానెడు పడుగు అచ్చులో అలాగే ఉండేది.

మగ్గానికి సగం ఇల్లు. మిగతా సగంలో అత్త, నేను, మా ఆయన వినాయక్, కూతురు స్వాతి, నా బీడీల ఆకు కట్టలు. వాకిలి పక్కనే మోరీ, అంటే స్నానం చేసే మూల. తలుపు లేదు, పాత చీర పరదా. గల్లీ లేవకముందే గబగబా నాలుగు చెంబులు పోసుకుని బయటపడాలి. గాలి వీస్తే ఒక చేత్తో పరదా, ఇంకో చేత్తో సబ్బు. నవ్వొస్తోందా? ఒక్కరోజు వచ్చి స్నానం చేసి చూడండి!

అలాంటప్పుడు బిల్డర్ ప్రశాంత్ వచ్చాడు. మా పద్మశాలీల పిల్లాడే. ఎనిమిది ఇళ్లు కూల్చి నాలుగంతస్తులు కడతాను, ఇంటికో ఫ్లాట్ ఇస్తాను అన్నాడు. అతను నక్షా పరిస్తే అందరూ హాలు చూశారు, నేను బాత్రూమ్ తలుపు చూశాను. ఏడిళ్లవాళ్లు సంతకం పెట్టారు. మా ఇల్లు నడిమధ్యలో ఉంది, అత్త పేరు మీద ఉంది. అత్త పెట్టలేదు. శ్రావణంలో నారళీ పున్నమికి మా కులదైవం మార్కండేయుడి రథం కదిలేలోపు తేల్చకపోతే ఇంకో గల్లీ చూసుకుంటానని ప్రశాంత్ చెప్పి వెళ్లాడు.

ఇది చాలదన్నట్టు పుణె నుంచి ఋతుజ అనే అమ్మాయి దిగింది. పాత కట్టడాలను కాపాడే చదువట. మట్టిగోడలు నిమిరింది, మగ్గం చూసి కళ్లు పెద్దవి చేసింది. గుంటతో సహా మిగిలిన ఇల్లు తను తిరిగిన గల్లీల్లో ఇదొక్కటేనట. కప్పు బాగుచేయిస్తాను, ఇల్లు మాత్రం ఇలాగే ఉండాలి అంది మరాఠీలో.

"ఇట్లనే అంటే, మోరీ పరదా సుత ఇట్లనేనా?" అన్నాను నేను. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. మంచి పిల్లే, పాపం. బాత్రూమ్‌కి దారి ఆలోచిస్తానంది. ఎక్కడ కడుతుంది? మగ్గం తీస్తే తప్ప చోటు లేదు, మగ్గం తీసేస్తే ఇల్లు కాపాడి ఏం లాభం?

సోమవారం ఫోటోలవాళ్లను తెస్తానంది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే నా చేతులు ఊరుకోవు. అత్త గుడికి వెళ్లిన సమయంలో మగ్గం తుడవడం మొదలుపెట్టాను. అచ్చులోంచి దుమ్ముపట్టిన పోగులు వేలాడుతున్నాయి. బీడీలు చుట్టేదాన్ని, ఆకు కత్తెర పక్కనే ఉంటుంది. కరకరా కత్తిరించి, కొసలన్నీ లాగేసి, అచ్చును తళతళలాడేట్టు తోమిపెట్టాను. అంతకాలం ఆ ఇంట్లో ఉండి ఆ జానెడు సంగతి తెలియదా అంటారా? తెలుసు. ఇక నేసేవాళ్లెవరున్నారులే అనుకున్నాను. తప్పంతా అక్కడే ఉంది.

అత్త వచ్చి ఖాళీ అచ్చు మీద వేళ్లు పెట్టి చూసింది.

"కత్తెర పెట్టినవా?"

"దుమ్ము పట్టిందని, అత్తమ్మా..."

"మీ మామ మళ్ల వచ్చి కూసుంటడని ఉంచలేదే. ఎవరన్న అతుకుతరని ఉంచిన." అంతే అంది. తిట్టినా బాగుండేది. ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఫోటోలు తర్వాత చూద్దామని ఋతుజకు ఫోన్ చేయించాను.

మర్నాడు అత్త నూలు చిలప, అంటే చుట్టిన నూలు కట్ట, ఒకటి తెచ్చి నా ముందు పడేసింది. "కోసినదానివి నువ్వే. దూర్చు."

అతకడానికి కొసలే లేవు కదా, ప్రతి పోగునూ అచ్చు పళ్ల మధ్య కొత్తగా దూర్చాలి. బీడీలు చుట్టగా మిగిలిన పొద్దంతా అదే పని, పదకొండు రోజులు. అత్త అచ్చు అవతలి నుంచి పోగు అందిస్తే, నేను గుంటలో కాళ్లు పెట్టి సన్న కొక్కెంతో ఇవతలికి లాగాను. మామ కూర్చుని కూర్చుని గుంట అంచు నున్నగా అరిగి ఉంది. కాళ్లు కిందికి వదిలేసరికి నా మోకాళ్ల నొప్పి కూడా తగ్గింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ అక్కడ కూర్చోలేదే అనుకున్నాను. మా ఇద్దరి ముఖాల మధ్య పోగులు తప్ప ఏమీ లేవు, మాట్లాడక తప్పలేదు.

తొమ్మిదో రోజు అత్త ఉన్నట్టుండి అంది. "నేను పెండ్లయి వచ్చినప్పుడు ఆ పరదా సుత లేకుండె. మంచం అడ్డం పెట్టుకుంటుంటి. తలుపు పెట్టియ్యమని మీ మామను పదేండ్లు అడిగిన. గోడ కడితె కిటికీ మూసుకపోతది, మగ్గానికి ఎలుతురు రాదన్నడు. ఖరే మాటనే, నిజమే. ఊకున్న."

నేను పోగు లాగడం ఆపేశాను.

"తర్వాత నువ్వొచ్చినవ్. నిన్ను సుత ఊకోమన్న. అది తప్పేనే, భాగ్యా."

ఆమె నా ముందు తప్పు అన్న మాట పలకడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. "పోగు ఇయ్యి అత్తమ్మా, పొద్దు పోతుంది" అన్నాను.

పున్నమి ముందురోజు ప్రశాంత్ కాగితాలతో వచ్చాడు. ఆఖరి మాట విందామని ఋతుజ కూడా వచ్చి గుమ్మంలో కూర్చుంది. అత్త పెన్ను తీసుకుని అడిగింది. "ఒక్క సంగతి చెప్పు బిడ్డా. బాత్రూముకు లోపటికెల్లి గడియ ఉంటదా?"

"ఉంటది అవ్వా, ప్రతీ ఫ్లాట్‌ల ఉంటది."

"నా కోడలికి దాని మీద రాసియ్యి."

అతను నవ్వుతూ రాశాడు. అత్త పెన్ను కాగితం మీద ఆనించింది. ఇన్నేళ్లు కోరుకున్నది చేతికి అందబోతుంటే "ఆగు!" అని అరిచాను.

"పై అంతస్తుల గుంట తవ్వొస్తదా, ప్రశాంత్?"

"ఎట్లొస్తదక్కా?"

"మరి కింద తవ్వియ్యి. ఇదే కొలత."

"కింద అంత పార్కింగే కదా."

"మా స్కూటర్ జాగ ఉన్నది కదా, అండ్ల తవ్వు."

"అరే, నా బండి?" అన్నాడు మా ఆయన.

"వాన్ల నిలబెట్టు. తడిస్తె తుడ్సుకో!"

స్కూటరుకిచ్చే జాగాలో మగ్గం పట్టదని, పక్క మెట్ల కింద చోటు కూడా కలిపి ఇస్తానని ప్రశాంత్ ఒప్పుకున్నాడు. ఋతుజ కళ్లు తుడుచుకుంది. ఇల్లు పోతోందని ఆమెకు బాధే, దాచుకోలేదు. అయినా సంచీలోంచి టేపు తీసి గుంటలోకి దిగి లోతు, వెడల్పు రాసుకుంది. ఆ అరిగిన అంచును మాత్రం ఎవరూ తీసుకెళ్లలేరని అంది. నిజమే. ఇల్లు కూల్చినరోజు అది మట్టిలో కలిసిపోయింది. పోగులున్న అచ్చును అత్త చీరలో చుట్టుకుని, రెండేళ్లు హోట్గి రోడ్‌లో అద్దె గదిలో తలాపున పెట్టుకుని పడుకుంది.

కొత్త ఇంట్లో మొదటి పొద్దున నేను బాత్రూమ్‌లోకి వెళ్లాను.

"గడియ పడ్డదా?" అని బయటినుంచి కేక.

"పడ్డది అత్తమ్మా."

రెండు చేతులతో స్నానం చేశాను. అరగంట పట్టింది, ఏడ్చిన సమయం కూడా కలుపుకుని. బయటికొస్తే అత్త కనిపించలేదు. కిందికి దిగి చూస్తే పార్కింగులో, కొత్త గుంట మీద బిగించిన మగ్గం ముందు, వేళ్లకు బూడిద రాసుకుని కూర్చుని ఉంది. నేను దూర్చిన పోగులకు కొత్త పడుగు అతుకుతోంది.

"వచ్చినవా? కూసో. నేను దూర్చింది కాదు ఇది, నీ పోగులే, నువ్వే అతుకు" అంటూ లేచి, తువ్వాలు భుజాన వేసుకుని మెట్లెక్కింది. మాది మొదటి అంతస్తే, పైన బాత్రూమ్ తలుపు మూసిన చప్పుడు, గడియ వేసిన చప్పుడు వినిపించాయి.

గంటైనా అత్త రాలేదు. నేను పిలవలేదు.