ముందుగాల నువ్వు యాడున్నవ్?

మా బావ విద్యాధర్ లెక్కలో ఈ లోకంలో ఏదీ పోదు. ఎవరైనా ఫలానాది లేదంటే చాలు, "ముందుగాల నువ్వు యాడున్నవో చెప్పు" అంటాడు. కరీంనగర్‌లో ఓ కాలేజీలో లినక్స్ కంప్యూటర్ల ల్యాబు చూసీ చూసీ ఈ జబ్బు తెచ్చుకున్నాడు.

మా అక్క సరళాదేవి ఉప్పు లేదని కేకేసినా అంతే.

"నువ్వు యాడున్నవ్?"

"వంటింట్ల! ఇంకేడుంట?"

"వంటింట్ల యాడ?"

అక్క గరిటెతో బయటికొస్తుంది. ఉప్పు ప్యాకెట్టు మాత్రం పై అరలో దొరుకుతుంది. అసలు అక్క కోపమంతా అందుకే.

కొండగట్టు గుడి దగ్గర నా చెప్పులు కనపడలేదు. "ఎవడో ఎత్తుకపోయిండు బావా" అంటే, "నువ్వు యాడున్నవ్? ఎక్కిన దిక్కా, దిగిన దిక్కా?" అన్నాడు. అవతలి దిక్కుకు నడిచి వెళితే, విడిచినచోటే ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆమధ్య ఓ పొద్దున నా ముందే బావకు సిరిసిల్ల నుంచి వనజ ఫోన్ చేసింది. మరమగ్గాలు నడిపే హనుమంతు కూతురు, చీర అంచుల డిజైన్లు కంప్యూటర్లో గీస్తుంది. వాళ్ల ముసలి కంప్యూటర్లో లినక్స్ వేసి మళ్లీ లేపి నిలబెట్టింది మా బావే.

"సార్, కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్కుతలేదు. ఫైలు లేదంటున్నది. మధ్యాహ్నం చీరల సేటు వస్తుండు. అంచు చూపెట్టకుంటే ఆర్డరు వేరేటోళ్లకు పోతది, మగ్గాలు బందయితయ్!"

"నువ్వు యాడున్నవ్ బిడ్డా?"

"షెడ్డుల సార్."

"నువ్వు గాదు, టెర్మినల్ యాడున్నది?"

అటునుంచి ఏడుపు వినిపించింది. ఇద్దరం నా బండెక్కాం.

షెడ్డులో ఆదేశాలు కొట్టే టెర్మినల్ నల్లటి తెర నిండా ఒకటే మాట: అలాంటి ఫైలు లేదు. "ఇంటర్ చదివినదానికి గివన్నీ ఎందుకు సార్? నాకు రాదు" అంది వనజ.

"గది నిన్ను తిడుతలేదు బిడ్డా. నువ్వు నిలవడ్డ జాగల ఫైలు లేదంటున్నది, గంతే. జాగ మారుదాం."

ఆ మాట అని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు మహానుభావుడు. "టైం లేదు బావా, నువ్వే కీబోర్డు కొట్టరాదూ!" అని గొణిగితే నన్ను టీ తెమ్మన్నాడు. నేను కదల్లేదు.

"నువ్వు హోమ్ ఫోల్డర్ల ఉన్నవ్. ఫైలేమో డౌన్‌లోడ్స్‌ల పడ్డది. ఆడికి పో."

వనజ కొట్టింది. మళ్లీ లేదంది. హనుమంతు తల పట్టుకున్నాడు.

"డి పెద్దక్షరం కొట్టు బిడ్డా. లినక్స్‌కు చిన్న డి వేరు, పెద్ద డి వేరు."

ఈసారి ఫోల్డరు తెరుచుకుంది. లేదన్నప్పుడల్లా వనజ మళ్లీ డౌన్‌లోడ్ చేసిందేమో, ఒకే ఫైలు పేరు వరసగా పొడుగూతా ఉంది.

"లేదు లేదన్న ఫైలు గంపెడున్నది చూడు!" అన్నాడు బావ. వనజ ఏడుస్తూనే నవ్వింది.

"మొదటిదాని పేరు ఉన్నదున్నట్టు కొట్టు. ముంగట ఓ చుక్క, ఓ స్లాష్ పెట్టు. ఈడనే ఉన్నదని చెప్పినట్టు."

వనజ ఎంటర్ నొక్కింది. తెర మీద అక్షరాలు గబగబా పరుగెత్తాయి. కాసేపటికి సాఫ్ట్‌వేర్ ఎక్కి, వనజ గీసిన నెమళ్ల అంచు రంగురంగులుగా తెరుచుకుంది. హనుమంతు ఈల వేశాడు!

సేటు వచ్చి అంచు చూసి తలూపాడు. కానీ గట్టివాడు. "మంచిగనే ఉన్నది. పని నడుమల మిషన్ ఖరాబైతే? చూసేటోళ్లు ఎవరున్నరు?"

మేమందరం బావ వైపు చూశాం. బావ చూరు వైపు చూశాడు.

"నేనున్న" అంది వనజ. "ఇప్పుడు ఎక్కిచ్చింది గూడ నేనే."

ఆర్డరు ఖాయమైంది.

దారిలో అడిగాను: "నువ్వు కొడితే రెండు నిమిషాల పని గదా బావా?"

"నేను కొడితే, సేటుకు జవాబు ఎవరు చెప్పేటోళ్లు?"

ఇన్నేళ్లు ఈ మనిషిని వెక్కిరించినందుకు సిగ్గేసింది. కాసేపే లెండి.

కొన్నాళ్లకు నేను అక్క ఇంట్లో ఉండగా బావకు ఫోనొచ్చింది. స్పీకర్లో వనజ గొంతు.

"సార్, కొత్త అంచు చీర మేడమ్‌కు తెచ్చిన. బస్టాండుల దిగిన. మీరు యాడున్నరు?"

బావ డబ్బాలన్నీ కింద పరుచుకుని కూర్చున్నాడు. "వంటింట్ల బిడ్డా. ఉప్పు దొరుకుతలేదు."

గుమ్మంలో నిలబడ్డ అక్క, పెళ్లయిన నాటి నుంచి దాచుకున్న ప్రశ్న తీరిగ్గా అడిగింది.

"వంటింట్ల యాడ?"