తిరిగి రానక్కర్లేని ఆట

బహ్రెయిన్‌లో బుసైతీన్ నుంచి మనామా వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె ఫోన్‌లో ఆడవాళ్ల రగ్బీ చూస్తోంది. ఒకమ్మాయి బంతిని చంకలో ఇరికించుకుని పరుగందుకోగానే, ఈమె ఒక్క ఊపిరిన "కబడ్డీ కబడ్డీ" అని గొణగడం మొదలుపెట్టింది.

మన మనిషే! నాకు నవ్వాగలేదు. "అక్కా, ఆ ఆటలో కూత ఉండదు కదా!"

"అలవాటమ్మా. మా జట్టులో కూతకెళ్లేది నేనే. ఇది ఆస్ట్రేలియాలో ఏదో చిన్న ఊరంట. ఆడినందుకు ఈళ్లకి జీతాలిత్తారంట. మాకు అరటిపళ్లిచ్చేవోరు."

మళ్లీ ఎవరో పరుగెత్తారు, మళ్లీ కూత. ఆ పిల్ల చివరి గీత అవతల బంతితో సహా పడింది. తోటివాళ్లు వచ్చి వాటేసుకున్నారు. ఈమె మాత్రం ఇంకా గొణుగుతూనే ఉంది.

"అయిపోయిందక్కా, పాయింట్లొచ్చేశాయి."

అప్పుడు ఊపిరి వదిలింది. "అవును కదా. ఈళ్లకి అవతలికెళ్తే చాలు. మనకే, కూత ఆగేలోపు తిరిగొచ్చెయ్యాలి."

ఫోన్ సంచిలో పెట్టుకుంటూ అడిగింది: "నువ్వొచ్చి ఎన్నాళ్లయ్యిందమ్మా?"

"రెండేళ్లకని వచ్చానక్కా," అన్నాను.

ఆ రెండేళ్లూ దాటి ఎన్నాళ్లయిందో మాత్రం చెప్పలేదు.