రెండు డ్రమ్ముల చాచా

మా మెట్టుగూడ గల్లీలో ఉండే ఫొటో ఫ్రేముల చాచా పోయారు. జ్వరంతో పోయారని అందరూ అంటున్నారు. నేను అనను. ఆయనను మా గల్లీ పక్కన పారే మురుగు కాలువ, ఆ నాలాయే పొట్టన పెట్టుకుంది. ఆ నాలాను అలా తయారు చేసింది మనం. ఈ మాట జనాజా లేచిన రోజే అందామనుకున్నాను, ఆయన భార్య, మా చాచీ ముఖం చూసి ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

చాచా దుకాణం మోండా మార్కెట్ దగ్గర. లక్ష్మీదేవి పటానికీ ఆయనే ఫ్రేము కట్టేవారు, ఖురాన్ వాక్యాలకూ ఆయనే. ఇల్లు మాత్రం నాలా వంతెనను ఆనుకుని, మా పక్కనే. రోజూ పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని వంతెన మీద నిలబడేవారు. మన భక్తులు బయల్దేరే వేళ అది. పాత దేవుడి పటాన్ని చెత్తబుట్టలో వేయకూడదు, పారే నీటిలో కలపాలి కదా. చాచా వాళ్లలోనూ అంతే, చిరిగిన ఖురాన్ పేజీలను పారే నీటికే అప్పగిస్తారు. మా బస్తీలో పారే నీళ్లంటే నాలా ఒక్కటే. అందుకని ఏడుకొండలవాడిని ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి, ఎండిన పూలతో సహా మురుగులోకి విసిరి, లెంపలేసుకుని వెళ్లిపోతారు.

చాచా వాళ్లను తిట్టేవారు కాదు, చేయి చాపేవారు. "నాకియ్యు అన్నా, నేను కలుపుతా. దేవుడు పారే నీళ్లల్ల కలపమన్నడు గానీ మోరీల పారెయ్యమన్లే" అనేవారు. కొందరు ఇచ్చేవారు. మా దేవుడి పటం నీకెందుకని కొందరు ముఖం మీదే అనేవారు. ఆయన నవ్వి చాయ్ తాగేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఇంటి వెనుక రెండు నీలం డ్రమ్ములు. ఎవరి దేవుడి కాగితం వాళ్ల డ్రమ్ములో. అద్దం, చెక్క విడదీసి కాగితాన్ని మంచినీళ్లలో నానబెట్టేవారు. బొమ్మా అక్షరమూ కరిగి గుజ్జయ్యాక ఆ నీళ్లు జామచెట్టు మొదట్లో పోసేవారు. ఆ కాయలు మాకూ పంపేవారు. కొరికితే అందరి దువాలూ దీవెనలూ ఒకేసారి తగులుతాయని ఆటపట్టించేవారు.

నాలా శుభ్రం చేసేవాళ్లు రాలేదని అనను. వచ్చేవారు. పూడిక తీసి, గట్టు మీదే కుప్ప పోసి, ఫొటోలు దిగి వెళ్లేవారు. మరుసటి వానకు ఆ కుప్ప మళ్లీ నాలాలోకే దిగేది. చాచా ఫిర్యాదులు చేసీ చేసీ విసిగిపోయి, పొడవాటి వెదురు కర్రకు ఇనుప కొక్కెం కట్టుకున్నారు. వంతెన కింద చెత్తను ఆపే ఇనుప జాలీకి చిక్కుకున్న కవర్లను తానే లాగేవారు.

మొన్నటి పెద్దవానకు ఆ జాలీ పూర్తిగా మూసుకుపోయి నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. గల్లీ అంతా మేడలెక్కి వీడియోలు తీసింది. ఆయనొక్కరే నడుము లోతు మురుగులో నిలబడి లాగారు. నీళ్లు దిగాయి. ఆ వెంటనే జ్వరం పట్టుకుంది, ఆసుపత్రి నుంచి ఆయన మళ్లీ నడిచి రాలేదు.

ఇక ఆయనకు దక్కిన గౌరవం చూడండి. బస్తీ నాయకుడొకడు వంతెన కమ్మీలకు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. నాయకుడి ముఖం నిలువెత్తున, చాచా ముఖం ఓ మూలన. పర్యావరణ ప్రేమికుడికి కన్నీటి నివాళి అట. సిగ్గుండాలి. వారం తిరక్కుండానే గాలివానకు తాళ్లు తెగి అది నాలాలో పడింది, పోయి పోయి జాలీకే అడ్డం పడింది. దాని వెనుక మన కవర్లు పేరుకోవడం షురూ అయింది.

చాచీ నన్ను పిలిచి కొక్కెం కర్ర చేతికిచ్చింది.

"ఆయన్ను జెర పైకి తియ్యి బిడ్డా" అంది.

తీశాను. నాయకుడి ముఖం కత్తిరించి చెత్తబండిలో వేశాను. చాచా ముఖమున్న ముక్కను చాచీ శుభ్రంగా కడిగింది. పారేయడానికి చేతులు రాక, ఇంటి అలవాటు చొప్పున డ్రమ్ములో వేసింది.

కాగితమైతే ఈపాటికి కరిగి జామచెట్టుకు చేరేది. చాచీ రోజూ మూత తీసి చూస్తోంది. మంచినీళ్ల మీద ఆయన ముఖం అలాగే తేలుతోంది, రంగు కూడా పోలేదు.