అరకులో ఆటో ఆలస్యమైన సాయంత్రం

మాది బందరు. మా వైపు ఎత్తైన చోటంటే కాలవ గట్టే. అందుకని నేను కాలేజీలో పాఠాలు చెప్పడం మానేసి కెమెరా కొనుక్కున్నాక, కొండల మధ్య ఊరిని సూర్యాస్తమయంలో ఫొటో తీయాలని కోరిక పుట్టింది. పోయిన చలికాలం మా ఆవిడా నేనూ అరకు వెళ్లాం.

ఊరి పైన ఒక మలుపు దగ్గర మమ్మల్ని దింపి, గంటలో వస్తానని ఆటో అతను వెళ్లిపోయాడు. కెమెరా స్టాండు బిగించేలోగా సూర్యుడు కొండ వెనక్కి జారిపోయాడు. మా దగ్గరైతే వరిచేల అంచు దాకా కనిపిస్తూ దిగుతాడు. ఆ లెక్కనే నమ్ముకుని తీరిగ్గా వచ్చాను. నీరసం వచ్చి కెమెరా సర్దేస్తుంటే ఫోను మోగింది.

"మాష్టారూ, టైరు పంచరయిందండి. కాస్త లేటవుద్ది."

చేసేదేముంది? మా ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసింది. ఇద్దరం రాతి మీద కూర్చున్నాం. ఆకాశంలో నారింజ రంగు పల్చబడే కొద్దీ కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా విడిపోయి కనిపించసాగాయి. కింద ఇళ్ల మీద వంటపొగ పరుచుకుంది. అక్కడక్కడా దీపాలు వెలిగాయి. టీ పక్కన పెట్టి మళ్లీ స్టాండు బిగించాను.

వెలుతురు తగ్గడంతో ఒక్కో ఫొటోకీ షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచాల్సి వస్తోంది. గాలికేమో కెమెరా అదురుతోంది. మా ఆవిడ శాలువా విప్పి రెండు చేతులతో అడ్డం పట్టుకుంది.

"ఇంతసేపు తెరుచుకుని ఏం చేస్తుందండీ అది?"

"ఉన్న కాస్త వెలుతురునీ పోగేసుకుంటుంది."

"అయితే కానివ్వండి. నాకేం చలి లేదు," అంది, వణుకుతూనే.

అలా ఎన్ని తీశానో గుర్తులేదు. చివరిది తీస్తుండగా కింద రోడ్డు మీద ఒక లైటు మలుపులు తిరుగుతూ పైకి రావడం మొదలెట్టింది. అది దగ్గరికొచ్చేదాకా షట్టర్ మూయలేదు. ఫొటోలో చూస్తే, ఆ లైటు వచ్చిన దారంతా నీలం కొండ మీద పసుపు దారం చుట్టినట్టు సన్నటి గీత.

ఆటో వచ్చి ఆగింది. ఆలస్యానికి ఏమంటామోనని అతను బెరుగ్గానే దిగాడు. కెమెరా చూపించి, "ఈ గీత నువ్వేనయ్యా," అన్నాను.

"నేనాండీ?" అని వంగి చాలాసేపు చూశాడు. "నా ఫోనుకి పంపించండి మాష్టారూ. మా ఇంటిదానికి చూపించాలి."

వేడిగా ఏదైనా దొరికే హోటలుకి తీసుకెళ్లమని మా ఆవిడ చెప్పింది. దారి పొడుగునా అతను పంచరు సంగతే చెబుతూ నడిపాడు. మేం ఒకే శాలువా కప్పుకుని వింటూ కూర్చున్నాం.