వలిసె నూనె తాగిన సైకిలు స్టాండు

తుప్పు అంటే నాకు పడదు. కాఫీ తోటల గోదాములో సామాను చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా చింతపల్లి మంచు తాళం కప్పని, కత్తెరని, చివరికి గొడుగు ఊచలని ఏం చేస్తుందో నాకు తెలుసు. అందుకే కారు వెనక సైకిలు తగిలించుకునే ఇనప స్టాండు బిగించిన రోజునే, దాని సంరక్షణ నాదని ఇంట్లో ప్రకటించాను. ఎవరూ పోటీకి రాలేదు.

స్టాండు కోడలి కోసం కొన్నది. తను ఆశ్రమ పాఠశాలలో వ్యాయామం టీచరు. అరకులో ఆడవాళ్ల సైకిలు పోటీకి పేరిచ్చింది. ఆ సంగతి బడిలో పిల్లలందరికీ చెప్పేసింది కూడా, కాబట్టి ఇక వెనక్కి తగ్గే దారి లేదు. విశాఖలో గేర్లు మార్పించి, సైకిలుని మా కారు వెనక తగిలించుకుని ఇంటికి తెచ్చింది. "పోటీ దాకా ఇక్కడే ఉండనీండి మావయ్యా, బడి దగ్గర పాతది తొక్కుతాను" అని చెప్పి బడికి వెళ్లిపోయింది.

దించితే గీతలు పడతాయని నేను సైకిలుని స్టాండు మీదే ఉంచాను. దాన్ని పట్టుకునే ఇనప చేతికి ఒక పెద్ద మర ఉంటుంది. ఆ మర తిప్పితేనే సైకిలు ఊడివస్తుంది. రోజూ పొద్దున్నే మరకి నూనె రాసి, డైరీలో ఆ ముక్క రాసుకున్నాకే టిఫినుకి కూర్చునేవాణ్ణి. బజారు నూనె మీద నాకు నమ్మకం తక్కువ. మా కొండల్లో పండిన వలిసెలు ఆడించిన నూనె వంటింట్లో ఉండగా ఇంకొకటి దేనికి? దూదితో పూత మీద పూత వేశాను. తేమ ఆరాలని కారుని ఎండలో పెట్టాను. మర తేనె రంగులో మెరిసేది. చూస్తే ముచ్చటేసేది.

"ఈ సీసా ఇంత బేగి ఎలా అయిపోతందండీ?" అని మా ఆవిడ అడిగింది.

చలికాలం నూనె ఎక్కువ పడుతుందన్నాను. అబద్ధమేమీ కాదు.

పోటీ రోజున చీకటితోనే బయల్దేరాం. కోడలు కారు నడిపింది. అరకు చేరేసరికి మైకులో ఆడవాళ్లని పోటీ మొదలయ్యే గీత దగ్గరికి రమ్మంటున్నారు. కోడలు హెల్మెట్ పెట్టుకుని, కారు వెనక్కి వెళ్లి మర తిప్పబోయింది. అది కదల్లేదు. రెండు చేతులతో పట్టింది. అయినా కదల్లేదు.

"మావయ్యా, ఇది తిరగట్నేదు."

"తుప్పు మాత్రం కాదమ్మా" అన్నాను.

"తుప్పయితే బాగుణ్ణు. దీన్నెవరో బంకెట్టి అతికించీసినట్టుంది."

నేను పట్టాను. తువ్వాలు చుట్టి పట్టాను. కారుకి కాలు తన్నిపెట్టి లాగితే మర కదల్లేదు గాని నా చెప్పు తెగింది. మైకులో ఆఖరి పిలుపు అన్నారు. కోడలు గీత వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. మళ్లీ మర పట్టుకుంది.

అప్పటిదాకా కారులో కూర్చున్న మా ఆవిడ దిగివచ్చి, మరని గోటితో గీరి వాసన చూసింది.

"ఏటి రాశారు దీనికి?"

"నూనె."

"ఏ నూనె?"

నేను వంగి తెగిన చెప్పు సవరించుకున్నాను.

"మూకుడు అంచున పట్టిన జిడ్డు ఇలాగే ఉంటాది. పొయ్యి మీదెట్టి ఎన్నిసార్లు గీరానో. సీసా మొత్తం దీనికే తాగించీసినారా?" అంటూ కారులోంచి కాఫీ ఫ్లాస్కు తీసింది. "వేడి తగిల్తే గాని వదలదు."

"పంచదార కాఫీ పోస్తే ఇంకా అంటుకుంటుంది" అన్నాను.

"మీకు సుగరని చప్పగానే తెచ్చాను. పక్కకి జరగండి."

పొగలు కక్కుతున్న కాఫీ మర మీద ధారగా పోసింది. కోడలు తువ్వాలుతో పట్టి తిప్పింది. ముందు ఒక చిన్న చప్పుడు, తర్వాత జిగురు తీగలు సాగుతూ మర తిరిగింది. సైకిలు చేతికి రాగానే కోడలు పరుగెత్తింది. అప్పటికే అందరూ బయల్దేరి మలుపు దాటుతున్నారు. గీత దగ్గర ఆమె ఒక్కతే. తొక్కడం మాత్రం ఆపలేదు.

మూడో స్థానంలో వచ్చింది. మెడలో పతకంతో, చెమటతో, కాఫీ వాసనతో వచ్చి మా ముందు నిలబడింది.

"టైముకి గీత దగ్గర నిలబడుంటే రెండోది నాదే, మావయ్యా" అంది. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు.

తిరుగు ప్రయాణానికి సైకిలుని స్టాండుకి తగిలించబోయాను. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సీటు మడిచి సైకిలుని కారులో పడుకోబెట్టారు. ఇక వెనక చోటు లేదు.

"మీరు సర్వీసు జీపులో వచ్చీయండి" అంది మా ఆవిడ.

పాడేరు దాకా పసుపు బస్తాల మధ్య ఇరుక్కుని వచ్చాను. పక్కనున్న పెద్దాయన నా చేతుల వాసన రెండుసార్లు పీల్చి, "ఏటి బాబూ, ఏదైనా పెళ్లికి వంటకెళ్లొస్తన్నారా?" అని అడిగాడు. అవునన్నాను.

ఇప్పుడు మరని కిరసనాయిలుతో కడిగి, తుడిచి, గ్రీజు రాస్తున్నాను. వారానికోసారి విప్పి బిగిస్తున్నాను. ఇంతా చేసి, పోటీ రోజున దాని మీద తుప్పు చుక్క లేదు. ఈ మాట ఎవరూ ఒప్పుకోరు. కోడలు ఇంటికి వస్తే ముందు కారు వెనక్కి వెళ్లి మర ఓసారి తిప్పి చూస్తుంది. అది తిరిగాక అప్పుడు లోపలికి వచ్చి, "బాగున్నారా మావయ్యా" అంటుంది.